సగటు వేగం: పుస్తకంలో పాఠం, రోడ్డు మీద కెమెరా



ఈ నెల 9వ తరగతి పిల్లలకు ఫిజికల్ సైన్స్‌లో 'మోషన్' పాఠం జరుగుతోంది. తెలుగు మీడియంలో చదువుకున్న తల్లిదండ్రులకు ఇదే పాఠం 'చలనం' పేరుతో గుర్తుండే ఉంటుంది. మీ పుస్తకంలో 'వడి' అని ఉన్నదే ఈ పిల్లల పుస్తకంలో 'స్పీడ్'. పాఠం ప్రకారం వడి, వేగం రెండూ ఒకటి కావు. వేగం చెప్పాలంటే ఎటువైపు వెళ్తున్నామో కూడా చెప్పాలి. కానీ మాటల్లో, రోడ్డు పక్క బోర్డుల మీద మనందరం వాడేది 'వేగం' అనే మాటే. అందుకే ఈ వ్యాసంలో అదే వాడుతున్నాను.

ఈ పాఠంలో 'సగటు వేగం' అనే చిన్న భాగం ఉంది. పరీక్షలో దానికి వచ్చేది రెండు మూడు మార్కులే. కానీ బయట రోడ్ల మీద స్పీడ్ లిమిట్‌ను అమలు చేసే కొత్త పద్ధతి మొత్తం దీని మీదే ఆధారపడి ఉంది. పిల్లలు పుస్తకంలో చదివేది, మీరు బండి మీద రోజూ చేసేది ఒకటే లెక్క అని చూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

క్లాసులో అందరూ తప్పు చెప్పే లెక్క

నెక్కొండ నుంచి నర్సంపేటకు గంటకు 40 కి.మీ. వేగంతో వెళ్లారు. అదే దారిలో గంటకు 60 కి.మీ. వేగంతో తిరిగి వచ్చారు. మొత్తం మీద సగటు వేగం ఎంత?

ఏ సెక్షన్‌లో అడిగినా ముందుగా వినిపించే జవాబు '50'. నలభై, అరవై కలిపి రెండుతో భాగించడం అలవాటు కదా! కానీ సరైన జవాబు 48.

లెక్క సులువుగా ఉండటానికి ఒకవైపు దూరం 20 కి.మీ. అనుకుందాం. 40తో వెళ్తే 30 నిమిషాలు. 60తో వస్తే 20 నిమిషాలు. మొత్తం దూరం 40 కి.మీ., మొత్తం సమయం 50 నిమిషాలు. 50 నిమిషాల్లో 40 కి.మీ. అంటే గంటకు 48 కి.మీ.

ఎందుకు తగ్గింది? నెమ్మదిగా వెళ్లినప్పుడు రోడ్డు మీద ఎక్కువసేపు ఉన్నాం. ఆ ఎక్కువసేపు సగటును కిందికి లాగుతుంది. పిల్లలు గుర్తు పెట్టుకోవాల్సిన సూత్రం ఒక్కటే: సగటు వేగం అంటే వేగాల సగటు కాదు, మొత్తం దూరాన్ని మొత్తం సమయంతో భాగిస్తే వచ్చేది.

లేటయిన టైమ్‌ను కవర్ చేయగలమా?

ఇప్పుడు ఇంకొంచెం కష్టమైన ప్రశ్న. నర్సంపేట వెళ్లి రావడానికి మొత్తం సగటు గంటకు 60 ఉండాలనుకున్నారు. రోడ్డు మీద వడ్లు ఆరబోశారు, ముందు ట్రాక్టర్లు ఉన్నాయి. వెళ్లేటప్పుడు 30 మాత్రమే వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు ఎంత వేగంతో రావాలి?

పిల్లలు వెంటనే '90' అంటారు. జవాబు ఏమిటంటే, ఎంత వేగంతో వచ్చినా కుదరదు. రానూపోనూ 40 కి.మీ. దూరాన్ని 60 సగటుతో పూర్తి చేయాలంటే మొత్తం 40 నిమిషాలు ఉండాలి. వెళ్లేటప్పుడే 20 కి.మీ.కు 40 నిమిషాలు అయిపోయాయి. ఇక తిరిగి రావడానికి మిగిలింది సున్నా నిమిషాలు.

ఈ లెక్క అర్థమైతే 'లేటయింది, దారిలో కవర్ చేద్దాం' అనే మాటలో ఎంత బలం ఉందో తెలుస్తుంది. 20 కి.మీ. దారిని 60కి బదులు 80తో వెళ్తే మిగిలేది 5 నిమిషాలు. దానికి చెల్లించే ధర ఏమిటో కింద చూద్దాం.

స్పీడ్ గన్ ఎలా పట్టుకుంటుంది?

రోడ్డు పక్కన చెట్టు కింద పోలీసులు కెమెరాలాంటి పరికరం పట్టుకుని నిలబడటం మీరు చూసే ఉంటారు. అది లేజర్ స్పీడ్ గన్. కంటికి కనిపించని కాంతిని చిన్న చిన్న తునకలుగా బండి మీదికి పంపుతుంది. ఆ కాంతి బండికి తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం కనుక్కుంటుంది. కాంతి సెకనుకు 3 లక్షల కి.మీ. వెళ్తుంది. కాబట్టి 150 మీటర్ల దూరంలో ఉన్న బండి దాకా వెళ్లి రావడానికి సెకనులో పది లక్షల వంతు చాలు.

మొదటిసారి కొలిచినప్పుడు బండి 150 మీటర్ల దూరంలో ఉంది. 0.3 సెకను తర్వాత 145 మీటర్ల దూరంలో ఉంది. అంటే 0.3 సెకనులో 5 మీటర్లు కదిలింది. సెకనుకు 16.67 మీటర్లు, అంటే గంటకు 60 కి.మీ. అర సెకను కూడా పట్టని పని.

స్పీడ్ కెమెరాల చరిత్రలో పిల్లలకు నచ్చే విషయం ఒకటి ఉంది. మారిస్ గాట్సోనిడెస్ అనే నెదర్లాండ్స్ దేశస్థుడు కారు రేసులు నడిపేవాడు. 1953లో ప్రసిద్ధమైన మాంటే కార్లో ర్యాలీ గెలిచాడు. మలుపుల్లో ఇంకా వేగంగా ఎలా వెళ్లాలో తెలుసుకోవడానికి తన కారు వేగాన్ని కొలిచే పరికరం తయారు చేసుకున్నాడు. తర్వాత అదే పరికరం ప్రపంచమంతటా వేగాన్ని అదుపు చేసే పోలీసు కెమెరా అయింది.

కెమెరా దగ్గర బ్రేక్ వేస్తే చాలదు

స్పీడ్ గన్ అయినా, స్తంభం మీద కెమెరా అయినా చూసేది ఒక్క చోట, ఒక్క క్షణం. ఆ సంగతి అందరికీ తెలుసు. కెమెరా రాగానే బ్రేక్, దాటగానే యాక్సిలరేటర్. ఎదురుగా వచ్చే బండ్లవాళ్లు లైట్లు కొట్టి సైగ చేయడం కూడా ఉంది. దీనివల్ల కెమెరా చుట్టూ ఉన్న నాలుగు వందల మీటర్లలో క్రమశిక్షణ, మిగతా దారంతా మామూలే. పైగా ఒక్కసారిగా బ్రేక్ వేస్తే వెనక వచ్చే బండికి ప్రమాదం.

దీనికి విరుగుడుగా వచ్చిందే సగటు వేగం కెమెరా. ఒక కెమెరా దారి మొదట్లో ఉంటుంది, ఇంకొకటి కొన్ని కిలోమీటర్ల తర్వాత ఉంటుంది. రెండూ నంబర్ ప్లేట్‌ను చదివి, బండి దాటిన సమయాన్ని రాసుకుంటాయి. రెండు కెమెరాల మధ్య దూరం ముందే తెలుసు. ఆ దూరాన్ని పట్టిన సమయంతో భాగిస్తే సగటు వేగం వస్తుంది. అదే 9వ తరగతి సూత్రం!

ఉదాహరణకు రెండు కెమెరాల మధ్య 5 కి.మీ. ఉంది, పరిమితి గంటకు 100. అంటే ఆ దూరానికి కనీసం 180 సెకన్లు పట్టాలి. ఒక కారు 150 సెకన్లలో దాటేసింది. సగటు 120 వచ్చింది. రెండు కెమెరాల దగ్గరా డ్రైవర్ 80కి తగ్గించి ఉండవచ్చు. కానీ గడియారం మధ్యలో జరిగింది కూడా చెప్పేస్తుంది.

ఇటలీలో 2005 నుంచి 'ట్యూటర్' పేరుతో మోటారు రహదారుల మీద ఈ పద్ధతి ఉంది. బ్రిటన్‌లోనూ చాలా రోడ్ల మీద వాడుతున్నారు. అక్కడి ఆర్‌ఏసీ ఫౌండేషన్ 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఈ కెమెరాలు పెట్టిన రోడ్ల మీద ప్రాణాంతకమైన, తీవ్రమైన ప్రమాదాలు దాదాపు 36 శాతం తగ్గాయి. మన దేశంలో ముంబై–పుణె ఎక్స్‌ప్రెస్‌వే మీద 2024 జూలైలో మొదలైన ట్రాఫిక్ నిఘా వ్యవస్థలో సగటు వేగాన్ని లెక్కకట్టే కెమెరాలూ ఉన్నాయి. ఆ రోడ్డు పొడవు 94.5 కి.మీ. దారంతా గంటకు 100 చొప్పున వెళ్లినా 56 నిమిషాల 42 సెకన్లు పట్టాలి. ఘాట్ భాగంలో కార్ల పరిమితి 60 మాత్రమే కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే పట్టాలి. హైదరాబాద్ నుంచి ఆ వైపు కారులో వెళ్లే బంధువులు ఉంటే వాళ్లకూ చెప్పండి.

ఈ పద్ధతికీ ఒక లొసుగు ఉంది. పిల్లల్ని అడిగితే వాళ్లే కనిపెడతారు: 'టీచర్, మధ్యలో ఆగి చాయ్ తాగితే?' నిజమే. 140తో దూసుకెళ్లి పది నిమిషాలు ఆగితే సగటు పడిపోతుంది. అందుకే కెమెరాల మధ్య దూరం మరీ ఎక్కువ పెట్టకూడదు, మధ్యలో హోటళ్లు, దిగే దారులు లేని చోటు ఎంచుకోవాలి. అలా చూస్తే ఆగి చాయ్ తాగేవాడు వేగంగా వెళ్లి మిగుల్చుకున్నది కూడా ఏమీ లేదు.

ఇంటర్‌లో ఇదే మళ్లీ వస్తుంది

'నా సగటు 120 అంటున్నారు, సరే. కానీ నేను ఏ క్షణంలో 100 దాటానో చూపించండి' అని ఎవరైనా వాదిస్తే? దీనికి జవాబు ఇంటర్ ఫస్టియర్ మ్యాథ్స్ 1బిలో ఉంది. దాని పేరు లెగ్రాంజ్ మధ్యమ మూల్య సిద్ధాంతం.

పేరు పెద్దది, విషయం చిన్నది. ప్రయాణం మొత్తం సగటు 120 అయితే, ఏదో ఒక క్షణంలో మీ స్పీడోమీటర్ ముల్లు కచ్చితంగా 120 మీద ఉండి తీరాలి. ఎప్పుడూ 120 కంటే తక్కువలోనే ఉంటే సగటు 120 రాదు కదా! ఆ క్షణం ఏదో సిద్ధాంతం చెప్పదు, కానీ అలాంటి క్షణం ఉందని నిరూపిస్తుంది. మా అబ్బాయికి, అమ్మాయికి ఈ గణితం ఎక్కడ పనికొస్తుంది అని అడిగే తల్లిదండ్రులకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

పరిమితి ఎవరిని కాపాడుతుంది?

కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 70 శాతానికి పైగా మరణాలు అతివేగం కింద నమోదయ్యాయి. ఇంత పెద్ద అంకె మనసుకు పట్టదు. అందుకే ఒక చిన్న లెక్క చూడండి.

స్కూల్ ముందు రోడ్డు మీద ఒక పాప హఠాత్తుగా అడ్డం వచ్చింది. డ్రైవర్ చూసి బ్రేక్ మీద కాలు పెట్టడానికి 1 సెకను పడుతుంది. ఆ సెకనులో బండి అదే వేగంతో ముందుకు వెళ్తూనే ఉంటుంది. తర్వాత పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేక్ వేస్తే, వేగం ప్రతి సెకనుకూ సెకనుకు 7 మీటర్ల చొప్పున తగ్గుతుంది అనుకుందాం. అప్పుడు బండి పూర్తిగా ఆగడానికి పట్టే దూరం:

గంటకు 40 కి.మీ.: దాదాపు 20 మీటర్లు
గంటకు 60 కి.మీ.: దాదాపు 36 మీటర్లు
గంటకు 80 కి.మీ.: దాదాపు 57 మీటర్లు

వేగం రెండింతలయితే బ్రేక్ వేశాక జారే దూరం నాలుగింతలు అవుతుంది. వాన పడి రోడ్డు తడిస్తే ఇంకా ఎక్కువ.

ఇప్పుడు అసలు ప్రశ్న. పాప 20 మీటర్ల దూరంలో ఉంది. 40తో వచ్చే బండి ఆమె ముందు ఆగిపోయింది. 60తో వచ్చే బండి ఆమె దగ్గరికి చేరేసరికి ఎంత వేగంతో ఉంటుంది? '20' అని చెబుతారు చాలామంది. లెక్క చేస్తే వచ్చేది దాదాపు 55! ఎందుకంటే మొదటి 17 మీటర్లు డ్రైవర్ కాలు బ్రేక్ మీదికి వెళ్లేలోపే అయిపోయాయి. బ్రేక్ పనిచేయడానికి మిగిలింది మూడు మీటర్లే. బోర్డు మీద 40కి, మనం వెళ్లే 60కి మధ్య తేడా 20 కాదు. ఒకటి ఆగిపోవడం, రెండోది 55తో గుద్దడం.

చట్టం ఏం చెబుతోంది?

వేగ పరిమితి ఒక్కో రోడ్డుకు ఒక్కో రకంగా ఉంటుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద గరిష్ఠ వేగాన్ని 2023లో 100 నుంచి 120కి పెంచారు. అదే జీహెచ్‌ఎంసీ పరిధిలో 2022లో ప్రభుత్వం నిర్ణయించిన ప్రకారం డివైడర్ ఉన్న రోడ్ల మీద కార్లకు 60, డివైడర్ లేకపోతే 50, కాలనీ రోడ్ల మీద అన్ని బండ్లకూ 30. ఒకే కారు, ఒకే డ్రైవర్. కానీ మనుషులు నడిచే చోటు వచ్చేకొద్దీ అంకె తగ్గుతోంది. ఊరి రోడ్డును ఔటర్ రింగ్ రోడ్డులా చూడకూడదన్నది ఇందులోని పాఠం.

కెమెరాలతో నిఘా పెట్టే వీలును 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ కల్పించింది. దాని ఆధారంగా 2021 ఆగస్టులో వచ్చిన 167ఏ నిబంధన వాహనదారుడికీ కొన్ని హక్కులు ఇచ్చింది. పరికరానికి ఆమోద పత్రం ఉండాలి. కెమెరా ఉందని ముందే కనిపించేలా బోర్డు పెట్టాలి. తప్పు జరిగిన 15 రోజుల్లోపు నోటీసు పంపాలి. అంటే ఇది దొంగచాటుగా పట్టుకునే ఆట కాదు. ముందే చెప్పి, కొలిచి, ఆధారం చూపించే పద్ధతి.

ఇదే సవరణలో తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాల్సిన ఇంకో సెక్షన్ ఉంది, 199ఏ. మైనర్ బండి నడిపి నేరం జరిగితే బాధ్యత తల్లిదండ్రులది లేదా బండి యజమానిది. మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. 'పక్క వీధికే కదా' అని తాళం ఇచ్చేముందు దయచేసి ఇది గుర్తు చేసుకోండి.

స్కూల్ బస్సు లెక్క

తల్లిదండ్రుల నుంచి ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఒకటి: 'బస్సు లేటు. డ్రైవర్‌ను కొంచెం స్పీడుగా రమ్మనండి.' దీన్ని సగటు వేగంతోనే పరిశీలిద్దాం.

ఒక రూట్ 12 కి.మీ. అనుకుందాం. 12 స్టాపులు. బస్సు 40తో నడుస్తుంది. ఒక్కో స్టాపు దగ్గర 1 నిమిషం ఆగుతుంది. నడిచే సమయం 18 నిమిషాలు, ఆగే సమయం 12 నిమిషాలు. మొత్తం 30 నిమిషాలు. సగటు వేగం గంటకు 24.

డ్రైవర్ వేగాన్ని 50కి పెంచాడు అనుకుందాం. నడిచే సమయం 14.4 నిమిషాలు అవుతుంది. మొత్తం 26.4 నిమిషాలు. మిగిలింది మూడున్నర నిమిషాలు.

వేగం 40లోనే ఉంచి, పిల్లలందరూ బ్యాగు, టిఫిన్ బాక్సుతో ముందే స్టాపులో నిలబడ్డారు. ఒక్కో స్టాపులో అర నిమిషమే పట్టింది. మొత్తం 24 నిమిషాలు. మిగిలింది 6 నిమిషాలు. సగటు 30కి పెరిగింది.

బస్సు త్వరగా రావాలంటే యాక్సిలరేటర్ కంటే మన గుమ్మం దగ్గరే ఎక్కువ పని ఉంది. 1997లో సుప్రీంకోర్టు ఢిల్లీ రోడ్ల మీద ఇచ్చిన ఆదేశాల్లో స్కూల్ బస్సులు 40 దాటకుండా వేగాన్ని అదుపు చేసే పరికరం ఉండాలని చెప్పింది. ఆ 40ని మనమే దాటమని అడగకూడదు. కాబట్టి మూడు విన్నపాలు: బస్సు వచ్చేసరికి పిల్లలు స్టాపులో ఉండాలి. నడుపుతున్న డ్రైవర్‌కు ఫోన్ చేయవద్దు, ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జికి చేయండి. ఆటోలో పంపే వాళ్లు 'తొందరగా తీసుకెళ్లు' అనే మాటను మానుకోండి.

ఇంట్లో చేయించండి

1. యమునా ఎక్స్‌ప్రెస్‌వే పొడవు 165 కి.మీ. కార్లకు పరిమితి గంటకు 100. చలికాలంలో పొగమంచు వల్ల దాన్ని 75కి తగ్గిస్తారు. పరిమితి దాటకుండా వెళ్తే రెండు సందర్భాల్లో కనీసం ఎంత సమయం పడుతుంది?

2. 4 కి.మీ. దూరంలో ఉన్న రెండు కెమెరాలను ఒక కారు 2 నిమిషాల 30 సెకన్లలో దాటింది. పరిమితి 80. నోటీసు వస్తుందా?

3. వరంగల్ నుంచి ఖమ్మం వెళ్లే ఒక ప్యాసింజర్ రైలు, ఒక ఎక్స్‌ప్రెస్ రైలు తీసుకోండి. దూరం, బయలుదేరే సమయం, చేరే సమయం యాప్‌లో చూసి రెండింటి సగటు వేగం కట్టించండి. తేడాలో స్టాపుల వాటా ఎంతో పిల్లల్నే చెప్పమనండి.

4. ఆదివారం మీ బండి మీద తెలిసిన దారిలో ఒక కి.మీ. రాయి నుంచి ఇంకో రాయి దాకా పట్టిన సమయాన్ని వెనక కూర్చున్న పిల్లలతో గడియారంలో చూడమనండి. ఇంటికి వచ్చాక సగటు కట్టి, మీరు స్పీడోమీటర్‌లో చూసిన దానితో పోల్చమనండి. హెల్మెట్లు ఇద్దరికీ తప్పనిసరి.

జవాబులు: 1) 1 గంట 39 నిమిషాలు, 2 గంటల 12 నిమిషాలు. 2) సగటు 96, కాబట్టి వస్తుంది. 3, 4 ప్రశ్నల జవాబులను నోట్‌బుక్‌లో రాసి వచ్చే సోమవారం క్లాసుకు తేవాలి.

చివరగా ఒక మాట. మంచిర్యాల నుంచి వరంగల్, ఖమ్మం మీదుగా విజయవాడ దాకా నాలుగు వరుసల కొత్త గ్రీన్‌ఫీల్డ్ రహదారి వస్తోంది. ఈ రోజు 9వ తరగతిలో ఉన్న పిల్లలు లైసెన్స్ తీసుకునే నాటికి అలాంటి రోడ్ల మీదే నడుపుతారు. అక్కడ వాళ్లను కెమెరా గమనించవచ్చు, గమనించకపోవచ్చు. కానీ ఈ రోజు మీ బండి వెనక సీటులో కూర్చున్న ఈ పిల్లలు మిమ్మల్ని దారి పొడవునా గమనిస్తున్నారు. కెమెరా దగ్గర మీరు ఎంత తగ్గించారో ఒక్కటే చూడరు, దాటాక ఎంత పెంచారో కూడా చూస్తారు. వాళ్లు నేర్చుకునేది మీ సగటు వేగమే.